పొద్దున ఎండ, సాయంత్రం వడగళ్లు: ఫిబ్రవరి నుంచి జూన్ దాకా మిద్దె తోట – తరచుగా అడిగే ప్రశ్నలు

శివరాత్రి దాటిందంటే చాలు, మిద్దె తోటలు పెంచేవాళ్ల నుంచి నాకు వచ్చే ఫోన్లన్నీ ఒకేలా ఉంటాయి. "నిన్నటిదాకా బాగున్న మొక్క ఇవాళ వాడిపోయింది", "రాత్రి గాలికి పందిరి పడిపోయింది", "పూత వస్తోంది గానీ కాయ నిలవట్లేదు". అందుకే ఎక్కువమంది అడిగేవన్నీ ఒకచోట రాస్తున్నా. ఇది ముఖ్యంగా హైదరాబాద్, చుట్టుపక్కల జిల్లాల్లో మిద్దె మీదో పెరట్లోనో కూరగాయలు పెంచేవాళ్ల కోసం. మిగతా ఊళ్లవాళ్లకి చివర్లో కొంచెం రాశా.

అసలు ఈ నాలుగు నెలలు వాతావరణం ఇంత తిక్కగా ఎందుకుంటుంది?

మార్చి, ఏప్రిల్లో మన నేల బాగా వేడెక్కిపోతుంది. బంగాళాఖాతం వైపు నుంచి తేమ గాలి వస్తుంది, వాయవ్యం నుంచి పొడి గాలి వస్తుంది, ఈ రెండూ మన నెత్తిమీదే కలుస్తాయి. టీవీలో "విదర్భ నుంచి కర్ణాటక మీదుగా తమిళనాడు వరకు ద్రోణి" అంటారే, అది దాని గురించే. పొద్దున్నంతా ఎండ కాసి, మధ్యాహ్నం మూడు నాలుగయ్యేసరికి క్యుములోనింబస్ (ఉరుముల) మేఘాలు కమ్ముకుని, ఈదురుగాలి, ఉరుములు, ఒక్కోసారి వడగళ్లు. కింద నేల కాలుతున్నా పైన గాలి ఇంకా చల్లగానే ఉంటుంది కాబట్టి మార్చి ఏప్రిల్లో పడినన్ని వడగళ్లు జూలైలో పడవు. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లి వైపు రోడ్లన్నీ తెల్లగా అయిపోయిన ఫోటోలు చూసే ఉంటారు.

కాబట్టి దీన్ని "ఎండాకాలం" అని ఒకే ముద్ద కింద చూడకండి. ఫిబ్రవరి ఒక కాలం, మార్చి ఏప్రిల్ ఇంకో కాలం, మే నుంచి మృగశిర దాకా వేరే కాలం. నేను చూసినంతలో మొక్కలు వాన వల్లో ఎండ వల్లో చచ్చేదానికన్నా, వాన పడగానే ఎండ కాయగానే మనం కంగారుపడి చేసే పనుల వల్ల చచ్చేవే ఎక్కువ. కింద ఏ ప్రశ్న చూసినా ఈ మాటే మళ్లీ మళ్లీ వస్తుంది, విసుక్కోకండి.

విత్తనాలు ఎప్పుడు పెట్టాలి? ఉగాది అయ్యాక పెడితే ఆలస్యమా?

బెండ, గోరుచిక్కుడు, బీర, సొర, కాకర, దోస, ఇవన్నీ జనవరి రెండో సగం నుంచి ఫిబ్రవరి చివరిలోపు మట్టిలో పడాలి. కారణం సింపుల్, ఎండ ముదిరేలోపు వేరు కిందికి దిగాలి. ఫిబ్రవరిలో పెట్టిన బెండ మొక్క ఏప్రిల్ ఎండని తట్టుకుంటుంది, ఏప్రిల్లో మొలిచిన బెండ మొక్క అదే ఎండకి రెండాకుల దశలోనే మాడిపోతుంది.

ఉగాది తర్వాత పెట్టకూడదని కాదు, కానీ అప్పుడు షేడ్ నెట్ (ఎండని కొంత ఆపే వల) కింద పెట్టాలి, రోజుకి రెండుసార్లు చూసుకోవాలి, దిగుబడి కూడా కొంచెం తగ్గుతుంది. ఆకుకూరలకి ఈ గొడవ లేదు, తోటకూర ఎప్పుడు చల్లినా మూడు నాలుగు వారాల్లో కోతకొస్తుంది.

బెండ గింజల్ని రాత్రంతా నానబెట్టి పెట్టండి. కాకర, బీర గింజల తొక్క గట్టిది, ఒక పగలూ రాత్రీ నానితే మంచిది. ఇంకో మాట, అన్ని గింజలూ ఒకేరోజు పెట్టేయకండి. సగం ఇప్పుడు, మిగతా సగం పదిహేను రోజులాగి. ఒక బ్యాచ్ మీద వడగళ్లు పడినా రెండోది చేతిలో ఉంటుంది, వాతావరణాన్ని నమ్మలేనప్పుడు ఇంతకన్నా చవకైన ఇన్సూరెన్స్ లేదు.

ఈ సీజన్లో ఏవి వస్తాయి, ఏవి దండగ?

ధైర్యంగా పెట్టుకోదగ్గవి: బెండ, వంగ, గోరుచిక్కుడు, సొర, బీర, కాకర, దోస, తోటకూర, గంగవాయిలి కూర, బచ్చలి, గోంగూర. గోంగూరకి పగలు పొడుగ్గా ఉండే రోజులు చాలా ఇష్టం, పగలు కురచయ్యేటప్పుడే పూతకొస్తుంది కాబట్టి వేసవంతా ఆకు మీదే ఉంటుంది, ఒకసారి వేసి కొమ్మలు తుంచుకుంటూ పోతే చాలు. గంగవాయిలి కూరైతే మిద్దె కాలుతున్నా పట్టించుకోదు, ఎందుకో మనవాళ్లు దీన్ని కలుపు మొక్క అని పీకేస్తారు, నాకు బాధేస్తుంది.

టమాటా, మిరప మధ్యరకం. జనవరిలో నారు నాటుకుంటే ఏప్రిల్ సగం దాకా బాగా కాస్తాయి, తర్వాత మొక్కని బతికించుకోవడమే.

క్యాబేజీ, కాలీఫ్లవర్, బఠాణీ, క్యారెట్ ఇప్పుడు మొదలుపెట్టకండి. ముల్లంగి వస్తుంది గానీ ఘాటెక్కి పీచు పడుతుంది. పాలకూర మార్చి దాటితే ఆకు చిన్నదై పూతకి పోతుంది, దాని బదులు బచ్చలి పెట్టుకోండి.

కొత్తిమీర మాత్రం రావట్లేదు, ఏం చేయాలి?

ఏప్రిల్, మేలో కొత్తిమీర అందరికీ కష్టమే, మీ చేతిలో దోషం ఏం లేదు. ధనియాలు రెండుగా పగిలేలా చెప్పుతోనో రోకలితోనో నలిపి, రాత్రి నానబెట్టి, వెడల్పాటి ట్రేలో చల్లి, పొద్దున ఎండ మాత్రమే తగిలే చోట పెట్టండి. మొలక వచ్చేదాకా పైన తడి గోనెసంచి కప్పండి. జానెడు ఎదగగానే కోసేసుకోండి, పెద్దది అవుతుందని ఆగితే పూతకొస్తుంది.

కుండీలో మట్టి మామూలుగా కలిపేదేనా, ఎండాకాలానికి వేరేనా?

ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు), కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) మూడూ సమానంగా, కుండీకి ఒక గుప్పెడు వేపపిండి. ఎండాకాలం కదా అని కోకోపీట్ ఎక్కువేస్తారు చాలామంది, అది ఏప్రిల్లో బానే ఉంటుంది, కానీ గంటసేపు దంచికొట్టిన వాన పడితే ఆ కుండీ వారం దాకా ఆరదు. ఎండకీ వానకీ రెండింటికీ పనికొచ్చే మట్టి కావాలి మనకి. కోకోపీట్ ఇటుకని నానబెట్టి, ఆ నీళ్లు ఒకసారి పారబోసి వాడండి, అందులో ఉప్పు ఉంటుంది.

బెండ, వంగ, మిరపకి 12 అంగుళాల గ్రో బ్యాగు చాలు. తీగజాతికి మాత్రం కనీసం 18 అంగుళాలు ఉండాలి, చిన్న కుండీలో సొర పెట్టి కాయలు రావట్లేదంటే ఎక్కడినుంచి వస్తాయి.

కుండీ మీ మిద్దె స్లాబు మీద డైరెక్ట్‌గా ఆనకూడదు. ఇటుకలో స్టాండో పెట్టి పైకెత్తండి, కింద గాలాడుతుంది, అడుగు చిల్లుల్లోంచి నీళ్లు పోతాయి, స్లాబు వేడి వేళ్లకి ఎక్కదు. నల్ల ప్లాస్టిక్ టబ్బులకి పడమటి వైపు గోనెసంచి చుట్టండి లేదా సున్నం పూయండి. మధ్యాహ్నం మూడింటికి ఆ టబ్బు పక్క మీద చెయ్యి పెట్టి చూడండి, మీరు పెట్టలేనంత వేడిగా ఉందంటే లోపల గోడకి ఆనుకున్న వేళ్ల పరిస్థితి కూడా అదే.

పైన రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులో కొబ్బరి పీచో చెరకు పిప్పో పరచండి. కాండానికి మాత్రం తగలకుండా చుట్టూ కొంచెం ఖాళీ వదలండి.

నీళ్లు రోజుకి ఎన్నిసార్లు పోయాలి?

అందరికీ ఒకటే లెక్క చెప్పలేం. వేలు రెండు కణుపుల లోతు దాకా మట్టిలో గుచ్చండి. తడి తగిలితే వద్దు, పొడిగా ఉంటే పోయండి. పైన మట్టి ఎండినట్టు కనిపించడం చూసి మోసపోవద్దు.

మధ్యాహ్నం రెండింటికి సొర, బీర ఆకులు వాలిపోతాయి, చూస్తే గుండె గుభేలుమంటుంది. వెంటనే బకెట్ తెచ్చి పోసేయకండి. పెద్ద ఆకుల్లోంచి నీరు ఆవిరైపోయే స్పీడుకి వేరు అందించలేక మొక్క ఆకుల్ని అలా వాల్చేస్తుంది, సాయంత్రం ఆరింటికి మళ్లీ లేచి నిలబడుతుంది. పొద్దున ఆరింటికి కూడా వాలిపోయి ఉంటేనే దానికి నిజంగా కష్టం వచ్చినట్టు. అప్పుడు కూడా ముందు వేలు గుచ్చి చూడాలి, తడిగా ఉండి వాలిందంటే వేరు కుళ్లు, పొడిగా ఉండి వాలిందంటే దాహం. రెండింటికీ వైద్యం పూర్తిగా వేరు.

ఫిబ్రవరిలో ఒకపూట సరిపోతుంది. ఏప్రిల్ నుంచి పొద్దున ఏడులోపు ఒకసారి నిండుగా, అవసరమైతే సాయంత్రం ఎండ పోయాక కొంచెం. కొంచెం కొంచెం రోజంతా చిలకరించడం కన్నా అడుగునుంచి కారేలా ఒకసారి పోయడం మంచిది, లేకపోతే వేళ్లన్నీ పైపైనే ఉండిపోతాయి, ఒక్కపూట మీరు ఇంట్లో లేకపోతే అంతే సంగతులు.

సాయంత్రం పైపు ఆన్ చేయగానే మొదట వచ్చే నీళ్లు చెయ్యి కాలేలా ఉంటాయి. వాటిని బకెట్లోకి పట్టి పక్కన పెట్టి, చల్లబడ్డాకే మొక్కకి వాడండి. బోరు నీళ్లు వాడేవాళ్లకి మట్టి మీద తెల్లగా పొర కడుతుంది, అది ఉప్పు. పైపైన గీకి తీసేసి, దొరికినప్పుడు వాన నీళ్లో మంజీరా (కుళాయి) నీళ్లో నిండుగా పోసి కడగండి. ఏప్రిల్లో ఒక మంచి వాన పడిందంటే ఈ పని అదే చేసేస్తుంది.

షేడ్ నెట్ ఎప్పుడు కట్టాలి, ఎంత శాతంది?

మార్చి రెండో వారం దాటాక. ఫిబ్రవరిలోనే కట్టేస్తే మొక్కలు వెలుతురు కోసం సాగిపోయి బలహీనమవుతాయి, ఆ బలహీనమైన కాండం తొలి ఈదురుగాలికే విరిగిపోతుంది. ఆకుకూరలకి, నారుకి 50 శాతం నెట్ (అంటే సగం ఎండని ఆపేది), కాయగూరలకి 35 శాతం చాలు. 75 శాతం నెట్ కొనమని షాపులో చెప్తారు, అది కారు పార్కింగ్‌కి బాగుంటుంది, దాని కింద బెండ కాయదు.

నెత్తిమీదకన్నా పడమర వైపు నీడ ముఖ్యం, పన్నెండు నుంచి నాలుగు దాకా ఎండే దెబ్బ కొట్టేది. ఎత్తు ఏడెనిమిది అడుగులు ఉంటే గాలాడుతుంది, మనం వంగకుండా తిరగొచ్చు.

కట్టే పద్ధతి చాలా ముఖ్యం. నెట్‌ని నాలుగు వైపులా తీగతో బిగించి కట్టేస్తే గాలివాన రోజు అది తెరచాప అయిపోతుంది, పైపులతో సహా లేచిపోతుంది. వడగళ్లు పడితే నెట్ మధ్యలో గుట్టగా చేరి మొత్తం కుప్పకూలుతుంది. ఒకవైపు గట్టిగా కట్టి, మిగతా మూడు వైపులా లాగితే ఊడిపోయే ముడి వేయండి, నిమిషంలో చుట్టేయగలగాలి. నెట్ అడ్డంగా చదును కాకుండా ఒకవైపు వాలుగా ఉంటే వడగళ్లు జారి పక్కకి పడతాయి.

ఇవాళ సాయంత్రం వడగళ్ల వాన అని అలర్ట్ వచ్చింది. చేతిలో రెండు గంటలే ఉంది, ముందు ఏం చేయాలి?

ముందు మనుషులకి, ఆస్తికి ప్రమాదమయ్యేవి. పిట్టగోడ మీద ఒక్క కుండీ కూడా ఉండకూడదు, అసలు ఏ రోజూ ఉండకూడదు, కింద నడిచేవాళ్లున్నారు. వేలాడే కుండీలు దించండి. తేలిక కుండీలన్నీ పిట్టగోడ లోపలి మూలకి చేర్చి ఒకదానికొకటి ఆనించి పెట్టండి.

తర్వాత కోత. రంగు తిరుగుతున్న టమాటాలు, కోతకొచ్చిన బెండ, సొర, దోస అన్నీ కోసేయండి. పొడి మట్టి మీద ఒక్కసారి భారీ వాన పడితే టమాటా లోపల నీరు ఉబ్బి తొక్క పగులుతుంది. రంగు తిరగడం మొదలైన కాయ ఇంట్లో బుట్టలో పెట్టినా చక్కగా పండుతుంది.

తర్వాత నారు ట్రేలు ఇంట్లోకి. పెద్ద మొక్కలకి కర్ర పాతి, పాత కాటన్ చీర పేలికతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి, ప్లాస్టిక్ తాడు కాండాన్ని కోసేస్తుంది. చివరగా షేడ్ నెట్ చుట్టేయండి. మిద్దె నీళ్లు పోయే గొట్టం దగ్గర ఎండుటాకులు తీసేయండి, ఇది మర్చిపోతే మిద్దె చెరువైపోతుంది.

ఉరుము వినిపించగానే కిందికి దిగిపోండి. పని సగంలో ఉన్నా సరే. ఇనుప పైపుల పందిరి పట్టుకుని మిద్దె మీద నిలబడటం కంటే పెద్ద ప్రమాదం లేదు. ఫోన్లో దామిని యాప్ పెట్టుకుంటే దగ్గర్లో పిడుగులు పడే అవకాశం ఉందేమో చెప్తుంది. హైదరాబాద్ వాతావరణ కేంద్రం వాళ్లు రాబోయే మూడు గంటలకి జిల్లాలవారీగా ఇచ్చే హెచ్చరికలు, వారం ముందు ఇచ్చే అంచనా కన్నా మన పనికి ఎక్కువ ఉపయోగం.

వడగళ్లు పడిపోయాయి, ఆకులన్నీ చిల్లులు పడి చీలికలైపోయాయి. పీకేసి కొత్తవి పెట్టాలా?

ఆగండి. దయచేసి ఆ రోజు ఏమీ పీకకండి. నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువ మొక్కలు అన్యాయంగా పోయేదీ ఇక్కడే.

మొదట కుండీలో గుట్టగా ఉన్న వడగళ్లు చేత్తో తీసి పడేయండి, కాండం చుట్టూ గంటసేపు ఐసు ఉండటం మంచిది కాదు. నిలిచిన నీళ్లు వంచేయండి. అంతే, ఆ రోజుకి పని అయిపోయింది.

మర్నాడు పొద్దున కాండం చూడండి, ఆకులు కాదు. కాండం మీద దెబ్బ ఒకవైపు గాటులా ఉండి రెండోవైపు పచ్చగా ఉంటే ఆ మొక్క బతుకుతుంది. కొన చిగురు తెగిపోయినా పక్క కణుపుల్లోంచి కొత్త చిగుళ్లు వస్తాయి, వంగ, బెండ, మిరపకి ఇది బాగా వచ్చు. చిల్లుపడిన ఆకు కూడా పనిచేస్తూనే ఉంటుంది, సగం పచ్చగా ఉన్న ఆకుని తీయొద్దు, ఆ మొక్కకి ఇప్పుడు తిండి వండిపెట్టేది అదే. పూర్తిగా నలిగి నల్లబడినవి, విరిగి వేలాడేవి మాత్రం శుభ్రమైన కత్తెరతో కట్ చేయండి.

గాయాల్లోంచి తెగుళ్లు ఎక్కకుండా కాపర్ ఆక్సీ క్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి ఒకసారి పిచికారీ చేయొచ్చు. రసాయనం వద్దనుకునేవాళ్లు సూడోమోనాస్ (మేలు చేసే బాక్టీరియా) పొడి లీటరుకి 10 గ్రాములు కలిపి కొట్టండి. రెండూ కలిపి మాత్రం వద్దు, రాగి ఆ మంచి బాక్టీరియాని చంపేస్తుంది.

యూరియా, పేడనీళ్లు, పిండి ఎరువులు ఏవీ వారం దాకా ఇవ్వకండి. ఆకు లేని మొక్క ఎరువుని వాడుకోలేదు, అది మట్టిలో ఉండి వేరుని కాలుస్తుంది. పది రోజుల తర్వాత చిగురు కనబడితే అప్పుడు పలచగా వర్మీవాష్ (వానపాముల ఎరువు నుంచి తీసే ద్రవం) ఇవ్వండి. రెండు వారాలైనా ఒక్క చిగురు రాకపోతే అప్పుడు పీకేయండి, రెండో బ్యాచ్ గింజలు ఉంచుకోమన్నది ఇందుకే.

తీగజాతి మాత్రం వేరే కథ, సొర, దోస కాండం మెత్తన, మొదలు దగ్గర చితికిపోతే తేరుకోవడం కష్టం. పైన చితికి కింద బాగుంటే రెండు కణుపులు వదిలి కత్తిరించండి.

వాన పడ్డాక రెండు రోజులకి ఎండ కాసింది, అంతే మొక్క వాలిపోయింది. నీళ్లు పోస్తే ఇంకా వాలుతోంది!

నీళ్లు ఆపేయండి ముందు. కుండీ అడుగున చిల్లు మూసుకుపోయి ఉంటుంది, ఒక ఇనుప చువ్వతో కిందినుంచి పొడవండి. మట్టి వాసన చూడండి, మురుగు వాసన వస్తే వేళ్లకి గాలాడట్లేదు. పై మట్టిని వేళ్లతో వదులు చేసి, పైన పరిచిన ఆకులు రెండు రోజులు తీసేసి ఆరనివ్వండి, మొక్కని రెండు మూడు రోజులు నీడకి జరపండి. ట్రైకోడెర్మా (మేలు చేసే శిలీంధ్రం) కలిపిన వర్మీకంపోస్ట్ గుప్పెడు వేస్తే కొంత సాయం, కానీ అది ముందు జాగ్రత్తగా ఫిబ్రవరిలోనే మట్టిలో కలిపితేనే అసలు ఉపయోగం.

టమాటా పూత మొత్తం రాలిపోతోంది. మందు ఏమైనా ఉందా?

పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పుప్పొడి పనిచేయదు. మందు వల్ల ఉపయోగం తక్కువ. పడమటి నీడ ఇవ్వండి, పొద్దున ఏడెనిమిదింటికి పూగుత్తిని వేలితో చిన్నగా తట్టండి, ఉన్న పుప్పొడి రాలి కొన్నైనా నిలుస్తాయి. మే మొత్తం మొక్కని బతికించుకుంటే జూన్ జల్లులకి మళ్లీ పూస్తుంది.

కాయ ఎర్రబడకుండా పసుపు నారింజ రంగులో ఆగిపోతోందని కూడా అడుగుతారు. అదీ వేడి వల్లే, ఎర్ర రంగునిచ్చే లైకోపీన్ బాగా వేడిలో తయారవదు. రంగు తిరగ్గానే కోసి ఇంట్లో పెట్టండి. కాయ అడుగున నల్లగా గుండ్రంగా మచ్చ పడితే అది తెగులు కాదు, నీళ్లు ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ అవడం వల్ల కాయకి కాల్షియం అందట్లేదు. గుడ్డు పెంకులు పైన చల్లితే రేపటికి తగ్గదు, అవి కరగడానికి నెలలు పడుతుంది. నీళ్లు సరిచేస్తే తర్వాత కాయలు బాగుంటాయి.

బీర, సొర, దోసకి పిందె పడుతుంది, పసుపై రాలిపోతుంది. ఎందుకు?

రెండు కారణాలు, రెండింటినీ కళ్లతో చూసి తేల్చుకోవచ్చు.

మొదటిది, పరాగం అందలేదు. మొదట్లో వచ్చేవన్నీ మగపూలే, వాటిని చూసి కాయలు రావట్లేదని కంగారు వద్దు. వేడి పెరిగేకొద్దీ మగపూలు ఎక్కువవుతాయి, ఆడపూలు తగ్గుతాయి. ఆడపువ్వు కింద బుజ్జి పిందె ఉంటుంది, మగపువ్వుకి సన్నటి కాడ మాత్రమే. నాలుగో అంతస్తు మిద్దె మీదకి తేనెటీగలు అన్నిరోజులూ రావు, అలాంటప్పుడు మన చేత్తో చేయాలి. ఇక్కడ టైం తెలియాలి. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, ఆరు ఏడింటికి చేయాలి. దోస, కాకర, గుమ్మడి పొద్దున్నే, ఎనిమిదిలోపు. అప్పుడే విచ్చిన మగపువ్వు తెంపి, రేకులు వెనక్కి మడిచి, మధ్యలో పసుపు పొడి వేలికి అంటుకుంటోందో లేదో చూసి, ఆడపువ్వు మధ్యలో ఉన్న కీలాగ్రానికి నెమ్మదిగా రాయండి. మూడు భాగాలుగా ఉంటుంది అది, మూడింటికీ తగలాలి. మూడో రోజుకి పిందె కాడ కిందికి వంగి ముదురు పచ్చగా మెరుస్తుంటే అతుక్కున్నట్టు. ఆ సాయంత్రం వాన పడి పువ్వు తడిస్తే పుప్పొడి కొట్టుకుపోతుంది, అది పోయినట్టే, రేపటి పువ్వు చూసుకోండి.

రెండోది పండు ఈగ. పిందె మీద సూదితో గుచ్చినట్టు చిన్న చుక్క, దాని మీద జిగురు కారి గట్టిపడి ఉంటుంది. ఆ వైపు కాయ వంకర తిరుగుతుంది, కోస్తే లోపల తెల్ల పురుగులు. ఏప్రిల్లో వాన పడ్డ వారానికి ఇది బాగా ఎక్కువవుతుంది. పిందె అతుక్కోగానే పేపర్ కవరో పాత బట్ట సంచో తొడిగేయండి, ఇంతకుమించిన మందు లేదు. తీగజాతికి ఈ ఈగల్ని ఆకర్షించే క్యూలూర్ ఎర దొరుకుతుంది, మామిడికి పెట్టే మిథైల్ యూజినాల్ ఎర దీనికి పనిచేయదు, కొనేటప్పుడు అడిగి తీసుకోండి. పురుగు పట్టిన కాయల్ని కంపోస్టులో వేయకండి, ముడివేసిన కవర్లో ఎండలో పెట్టి పారేయండి.

ఇంకోటి, సొరకాయ వండేముందు చిన్న ముక్క నాలుకకి తగిలించి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి కాయ మొత్తం పారేయండి. చేదు సొరకాయ, ముఖ్యంగా జ్యూసు, ప్రాణాలమీదకి తెస్తుంది. మన చేత్తో పెంచిన కాయ కదా అని మమకారం పెట్టుకోవద్దు.

మిరప ఆకులు ముడుచుకుపోతున్నాయి, ఏ మందు కొట్టాలి?

పైకి ముడుచుకుని దొప్పలా అయితే తామర పురుగు. కిందికి తిరగబడి ఆకు కాడ సాగితే నల్లి (మైట్). పొడి ఎండకి రెండూ విజృంభిస్తాయి. ఆకుల అడుగుకి తగిలేలా నీళ్లు పైపుతో జోరుగా కొట్టండి, వారంలో రెండు మూడుసార్లు, పొద్దున్న. తగ్గకపోతే వేపనూనె 5 మి.లీ., నాలుగు చుక్కల సబ్బు ద్రావణం లీటరు నీళ్లలో బాగా గిలకొట్టి, సూర్యాస్తమయం అయ్యాకే పిచికారీ చేయండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. ముందు రెండాకుల మీద కొట్టి మర్నాడు చూసుకుని తర్వాత మొత్తానికి కొట్టండి. నల్లికి నీళ్లలో కలిపే గంధకం (వెట్టబుల్ సల్ఫర్) బాగా పనిచేస్తుంది గానీ ఏప్రిల్, మే ఎండల్లో అది కూడా ఆకుని కాలుస్తుంది, వేపనూనె కొట్టిన మొక్కకి రెండు మూడు వారాలు అసలే వద్దు.

బెండ ఆకుల ఈనెలు పసుపు పచ్చగా అయ్యాయి, కాయ కూడా తెల్లబడింది.

పల్లాకు తెగులు, శంఖు రోగం అని కూడా అంటారు. వైరస్, తెల్లదోమ మోస్తుంది. మందు లేదు. ఆ మొక్క పీకేయండి, పక్కవాటికి పసుపు జిగురు అట్టలు కట్టండి. ఈ కాయలు తినొచ్చు, హాని లేదు, కానీ మొక్కని ఉంచితే మిగతావి పోతాయి.

ఎండాకాలం సెలవులకి వారం ఊరెళ్తాం. ఎలా?

టైమర్ పెట్టిన డ్రిప్ ఉంటే మంచిదే, కానీ వెళ్లే రోజు కాకుండా నాలుగు రోజుల ముందే పెట్టి చూసుకోండి, మైక్రో ట్యూబుల్లో ఉప్పు అడ్డుపడుతుంది. అది లేనివాళ్లు కుండీలన్నీ నీడలోకి ఒకచోట చేర్చి, పిందెలు పూలు కొన్ని తుంచేసి, పక్కింటివాళ్లకి తాళం ఇచ్చి వెళ్లండి. కోతకొచ్చే కూరలు వాళ్లనే కోసుకోమనండి. రోజూ చెయ్యి వేస్తేనే బెండ కాపు ఆగకుండా ఉంటుంది, నీళ్లు కూడా గుర్తుంటాయి.

మేం విజయవాడ, విశాఖ వైపు ఉంటాం. ఇవే పద్ధతులా?

చాలావరకు ఇవే. మీకు ఉక్కపోత ఎక్కువ, కాబట్టి బూడిద తెగులు, ఆకుమచ్చ తొందరగా వస్తాయి, కుండీల మధ్య ఎడం ఇవ్వండి, సాయంత్రం ఆకులు తడపకండి. సముద్రం దగ్గర్లో ఉంటే ఉప్పుగాలి తగలకుండా ఆ వైపు నెట్ అడ్డం కట్టండి. అనంతపురం, కర్నూలు వైపువాళ్లు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి పైన ఆకులు పరచడం అస్సలు మానొద్దు.

మేం డాలస్‌లో ఉన్నాం. ఇండియా నుంచి తెచ్చుకున్న బీర, గోంగూర గింజలు మార్చిలో పెట్టొచ్చా?

మీకు లెక్క తిరగబడుతుంది, అక్కడ భయం ఎండ కాదు చలి. డాలస్ వైపు చివరి మంచు సగటున మార్చి మధ్యలో పోతుంది, కానీ సగటు అంటే తర్వాత కూడా ఒక రాత్రి రావచ్చని అర్థం. బెండ, బీర, సొర, గోంగూర మట్టి వెచ్చబడ్డాక ఏప్రిల్లోనే పెట్టండి, చల్లటి మట్టిలో గింజ కుళ్లిపోతుంది. మార్చిలో ఇంట్లో కప్పుల్లో నారు పోసుకోవచ్చు. కరివేపాకు కుండీ రాత్రులు 50 ఫారెన్‌హీట్ పైన నిలకడగా ఉండేదాకా బయట వదలకండి. మీకూ ఏప్రిల్, మేలో వడగళ్లు ఉన్నాయి కాబట్టి పైన రాసింది అంతా పనికొస్తుంది. గింజలు మాత్రం అక్కడి ఇండియన్ స్టోర్లలోనే కొనుక్కోండి, సామాన్లో తెచ్చుకోవడానికి రూల్స్ ఉన్నాయి.

రోహిణి కార్తెలో ఏం చేయాలి? అంతా ఎండిపోయినట్టుంది.

రోళ్లు పగిలే ఎండ అంటారు కదా, మే 25 నుంచి ఒక రెండు వారాలు. కొత్తగా ఏం నాటకండి, ఎరువు వేయకండి, కత్తిరింపులు చేయకండి. నీళ్లు, నీడ చూసుకోండి. వంగ, మిరప మొక్కలు ఆకు రాల్చి పుల్లల్లా కనిపిస్తాయి, గోటితో కాండం మీద చిన్నగా గీకండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది.

జూన్ 8 ప్రాంతంలో మృగశిర. తొలి వాన పడి, మబ్బు పట్టి ఒక మూడు నాలుగు రోజులు చల్లబడ్డాక ఆ వంగ, మిరప మొక్కల్ని మూడో వంతు కత్తిరించి, మట్టి వదులు చేసి, రెండు గుప్పెళ్లు వర్మీకంపోస్ట్ వేయండి, వర్షాకాలం కాపు వాటి నుంచే మొదలవుతుంది. షేడ్ నెట్ ఒక్కసారిగా తీసేయకుండా రోజుకి కొన్ని గంటలు పక్కకి జరుపుతూ వారంలో తీయండి. ఖాళీ అయిన కుండీల్లో పాత మట్టిని టార్పాలిన్ మీద పరిచి మే నెలాఖరు ఎండలోనే ఆరబెట్టి ఉంచుకుంటే, చిక్కుడు, బీర గింజలు పెట్టడానికి అప్పటికి సిద్ధంగా ఉంటుంది.